చాక్‌పీసుల డబ్బాలో రెండు చీటీలు

మీలో ఎవరైనా కొత్తగా జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి ఉంటే, ఏడాది తిరక్కుండానే మిమ్మల్ని సెక్షన్ ఇన్‌చార్జ్‌ని చేస్తామంటారు. జీతంలో తేడా ఏమీ ఉండదు. కుర్చీకి మాత్రం చేతులుంటాయి. ఆ చేతుల కుర్చీలో నేను తొమ్మిదేళ్లు కూర్చున్నాను. అందులోంచి లేచి వచ్చిన సంగతి ఇది. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. పేర్లు చీటీల మీద రాసి ఒకసారి నేను చేసిన పని చాలు.

మాది మగపిల్లల కాలేజీ. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నుంచి గడ్డిఅన్నారం వైపు మళ్లితే ఒక సందులో ఐదంతస్తుల భవనం. కింద ఆఫీసు, మధ్యలో క్లాసులు, పైన రేకుల కింద భోజనాల హాలు. ఆటస్థలం అనేది మా బ్రోచర్‌లో ఫొటోగా మాత్రమే ఉండేది. పండ్ల మార్కెట్ అక్కణ్ణుంచి తరలిపోయిన మరుసటి సంవత్సరం జరిగిందిది. అంతకుముందు ఎండాకాలంలో కిటికీ తీస్తే మామిడిపండ్ల వాసన వచ్చి పిల్లల మనసు చెదిరేది. "ఇప్పుడు ఆ సాకు గూడ పోయింది, ర్యాంకులు రాకుంటే ఎవర్నంటం?" అని మా కెమిస్ట్రీ లెక్చరర్ బాధపడేవాడు. ఆయనది సరూర్‌నగర్. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను "అన్నా" అని పిలిచేవాడు, నా ప్రార్థనల మీద జోకులు వేసేవాడు, నా టిఫిన్ డబ్బాలో సగం తినేవాడు.

శనివారం శనివారం అన్ని బ్రాంచీలకూ ఒకే పరీక్ష. ప్రశ్నలు హెడ్ ఆఫీసు నుంచి వస్తాయి. పిల్లలు జవాబులకు ఎదురుగా గుండ్రాలు నింపుతారు, ఆ షీట్లు హెడ్ ఆఫీసుకే వెళ్లిపోతాయి, సోమవారం ర్యాంకుల జాబితా వస్తుంది. దాన్నిబట్టి మంగళవారం పొద్దున ఎవరి బ్యాగు ఏ సెక్షన్‌లోకి మారాలో తేలుతుంది. ఇందులో మా పని జాబితా చదవడం, బ్యాగులు మార్పించడం. ప్రశ్నాపత్రం చదవాలని మాకెవరూ చెప్పలేదు, చదవడానికి తీరికా ఉండేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక నా గురించి. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డవాణ్ణి. మా సంఘం అక్కడే. రేకుల షెడ్డులో మొదలై శ్లాబు దాకా ఎదిగిన మందిరం మాది. నేను సంఘ పెద్దను. ఇరవై ఏళ్లపాటు ఆదివారం ఉదయం పిల్లలకు వాక్యం నేర్పాను. చిన్నప్పుడు మా నాన్న రోజుకో అధ్యాయం అప్పజెప్పించుకున్నాకే అన్నం పెట్టనిచ్చేవాడు. అందువల్ల ఏ చిక్కు వచ్చినా దానికి వాక్యంలో పోలిక వెతకడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ అలవాటును నేనిప్పటికీ తప్పనడం లేదు. తప్పు ఎక్కడుందో చెప్పగలిగితే ఇదంతా రాసేవాణ్ణే కాదేమో.

ఆ నవంబరులో ఒక బుధవారం హెడ్ ఆఫీసు నుంచి ప్రిన్సిపాల్‌కు ఫోన్ వచ్చింది. సెకండియర్‌లో మా సెక్షన్ పిల్లలిద్దరి ఫిజిక్స్ షీట్లలో పదకొండు తప్పులు అచ్చంగా ఒకేలా ఉన్నాయట. వాళ్లు పంపిన షీట్ల ఫొటోలు నేనూ చూశాను, ఒకరు గుండ్రం ఎక్కడ నింపారో రెండోవారూ అక్కడే నింపారు. ఇద్దరూ పక్కపక్క వరసల్లో కూర్చున్నవాళ్లు. ఎవరు ఎవర్ని చూసి రాశారో తేల్చి ఒకరి పేరు పంపాలి, పంపిన పేరుకు టీసీ ఇచ్చేయాలి. నవంబరులో టీసీ అంటే ఆ ఏడాది పోయినట్టే. అప్పుడు ఏ కాలేజీ చేర్చుకోదు.

ఆ ఇద్దరిలో ఒకడు నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవాడు. వాళ్ల నాన్న డీసీఎం వ్యాను నడుపుతాడు. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు. రెండోవాడు మీర్‌పేట్ నుంచి రోజూ వచ్చి వెళ్లేవాడు. మా సంఘం పిల్లవాడు. వాళ్ల నాన్న తలుపులకు పాలిష్ వేసే పనివాడు, ఆదివారం ఆరాధనలో డోలక్ వాయిస్తాడు. ఆ పిల్లవాడికి ఆరేళ్లప్పటి నుంచీ వాక్యం చెప్పింది నేనే. ఈ కాలేజీలో చేర్పించిందీ నేనే.

ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ కాదన్నారు. కలిపి అడిగాను. ఇద్దరూ కాదన్నారు. గురువారం గడిచింది.

శుక్రవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ పిలిచాడు. "సార్, ఇద్దర్ని పంపుడు కాదు, ఇద్దర్ని ఉంచుడు కాదు. ఒక్క పేరు గావాలె. సాయంత్రం దాక టైమిస్తున్న. మీతోని కాకపోతే చెప్పుండ్రి, నేనే ఒకటి రాసి పంపుత."

ఆయన రాసి పంపితే ఎవరి పేరు రాస్తాడో నాకు తెలుసు. హాస్టల్ పిల్లవాడైతే ఒక మంచం ఖాళీ అవుతుంది. నేనూ అదే పేరు రాస్తే? మా సంఘం వాణ్ణి కాపాడుకున్నానంటారు. లేదా కాపాడుకున్నాననే మాట రాకుండా వాణ్ణే బలి పెడతానేమో. నా మనసును నేనే నమ్మలేకపోయాను. అప్పుడు పోలిక దొరికింది. తుఫానులో చిక్కిన ఓడలో నావికులు దోషి ఎవరో తెలియక చీట్లు వేశారు. అవి సరిగ్గా పారిపోతున్న ప్రవక్త మీదికే వెళ్లాయి. శిష్యుల్లో ఒక స్థానం ఖాళీ అయితే మిగిలినవాళ్లు ప్రార్థన చేసి చీట్లతోనే నింపారు. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిన పాఠాలో ఇవి! మనిషి తేల్చలేనిది దేవుడి చేతిలో పెట్టడం. నాకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ దిగడం చూసే నేను అనుమానపడాల్సింది.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూమ్‌లోకి ఇద్దర్నీ రప్పించాను. కెమిస్ట్రీ లెక్చరర్‌ను సాక్షిగా ఉండమన్నాను. రెండు చీటీల మీద రెండు పేర్లు రాసి మడిచి, ఖాళీ చాక్‌పీసుల డబ్బాలో వేశాను.

"అన్నా, గిదేందే?" అన్నాడు కెమిస్ట్రీ. "గిట్లయితే ఎంసెట్ ర్యాంకులు గూడ చీటీలేసి తీద్దాం. పిల్లలకు చదువు బాధ తప్పుతది, మనకు చెప్పే బాధ తప్పుతది."

"నవ్వులాట కాదు తమ్ముడూ. ప్రార్థన చేసి తీద్దాం."

నల్గొండ అబ్బాయి డబ్బా వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "ఏంది సార్ ఇది? చీటీలకెట్ల తెలుస్తది సార్? అది కాయితం సార్!"

"కాగితానికి తెలియదు. దేవుడికి తెలుసు."

"మరి దేవునికి తెలిస్తే నేను కాదని గూడ తెల్వాలె గద సార్."

కళ్లు మూసుకొని ప్రార్థన చేశాను. నిజంగా చేశాను, నటన కాదు. పక్షపాతం లేకుండా నిజం బయటపెట్టమని అడిగాను. కళ్లు తెరిచేసరికి మా సంఘం పిల్లవాడు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. నల్గొండ అబ్బాయి చేతులు కట్టుకొని కిటికీలోంచి చూస్తున్నాడు. కెమిస్ట్రీ లెక్చరర్‌ను తీయమన్నాను. "నా చెయ్యి కడుక్కోలే అన్నా, పప్పున్నది" అంటూనే ఎడమ చేత్తో ఒక చీటీ తీసి విప్పాడు.

మా సంఘం పిల్లవాడి పేరు.

కాలేజీలో ఎన్నడూ నన్ను 'సార్' తప్ప మరో మాటతో పిలవనివాడు, "అయితే నేనేనంటారా అంకుల్?" అన్నాడు.

"నువ్వే చెప్పాలి."

"చీటీ వచ్చింది కదండీ. నేనే అయ్యుంటాను."

నేనప్పుడు ఏమనుకున్నానో దాచకుండా రాస్తున్నాను. సంతోషించాను. దేవుడు జవాబిచ్చాడని, పైగా నా సొంత పిల్లవాడి మీద ఇచ్చాడని, అందులో నా చెయ్యేమీ లేదని లోకం చూస్తుందని. ఆ సంతోషంతోనే ఒప్పుకోలు కాగితం చెప్పి రాయించాను. 'పక్కవాణ్ణి చూసి రాశాను, నా తప్పు ఒప్పుకుంటున్నాను.' నేను చెబుతుంటే వాడు గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఎక్కడా కొట్టివేత లేదు.

"నాన్నకి మీరే చెప్తారా?" అన్నాడు సంతకం పెట్టాక. నేనే చెప్పాను. ఫోన్లో. అవతల ఏదో యంత్రం ఆగిన చప్పుడు, తర్వాత "సరేనండి" అన్న మాట, అంతే.

కెమిస్ట్రీ లెక్చరర్ ఆ రోజు నా టిఫిన్ ముట్టలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మేలు పొందినవాళ్లు లేచి చెబుతారు, తప్పు చేసినవాళ్లు లేచి ఒప్పుకుంటారు. ఆ పిల్లవాడు లేచాడు. పరీక్షలో చూసి రాశానని, దేవుడు దాచనివ్వలేదని, అందరూ తన కోసం ప్రార్థన చేయమని చెప్పాడు. ఆడవాళ్లు ఏడ్చారు. పాస్టరుగారు వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తండ్రి డోలక్ ఒళ్లో పెట్టుకొని, దాని మీద మోచేతులు ఆనించి తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ల నా పరిచర్య ఫలించిందనుకున్నాను.

సోమవారం మొదటి క్లాసు అయ్యాక నల్గొండ అబ్బాయి నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. చొక్కాలోంచి ఒక జిరాక్స్ కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. బయటి మెటీరియల్ కాలేజీలో నిషేధం. దొరికితే చించేసి, వారం రోజులు క్లాసు బయట నిలబెడతాం.

"నిలబెట్టుకుంటే నిలబెట్టుకోండ్రి సార్. ముందు ఇది జూడుండ్రి. నేను కాపీ కొట్టలె. వాడు గూడ కొట్టలేదని నాకనిపిస్తనే ఉంది, వాడు పరీక్షల తల గూడ ఎత్తడు సార్. మరి ఇద్దరికి ఒక్కతీరు తప్పులెట్లొచ్చినయ్ అని మస్తు సోంచాయించిన. పరేషాన్ అయిపోయిన. నిన్న ఈ కట్ట తీసి క్వశ్చన్ పేపర్ పక్కన పెట్టి జూసిన."

ఆ కట్ట దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వైపు ఉన్న ఒక జిరాక్స్ షాపులో దొరుకుతుంది. పాత ప్రశ్నలు, చివర్లో చేతిరాతతో జవాబుల కీ. మా పిల్లలు ప్రశ్న చూడగానే ఆప్షన్ నంబరు నోటికొచ్చేదాకా వాటిని తిప్పేస్తారు. అలా తిప్పమని నేర్పింది మేమే. హెడ్ ఆఫీసు వాళ్లు ఆ శనివారం ఫిజిక్స్ ప్రశ్నల్లో ఒక పేజీని అందులోంచి ఉన్నదున్నట్టు ఎత్తారు. కాకపోతే జవాబులు సరిచూసుకొని వేసుకున్నారు. కట్టలోని కీలో మాత్రం ఒకచోట ఒక జవాబు జారిపోయింది. అక్కణ్ణుంచి పేజీ చివరి దాకా ప్రతి ప్రశ్నకూ కిందిదాని జవాబు పడింది. పద్నాలుగు ప్రశ్నలు. అందులో మూడు అదృష్టవశాత్తూ కలిశాయి. మిగిలినవి పదకొండు.

"వాని దగ్గర గూడ గిదే కట్ట ఉన్నదంట సార్, మన సెక్షన్ల ఇంకెవ్వని దగ్గర లేదు. నిన్న హాస్టల్ల ఫోన్ టైముకు మా ఇంటికి చెయ్యకుంట వానికి చేసిన. ఉన్నది అన్నడు. అయితే నువ్వు కాపీ కొట్టలే గదరా అంటే, లేదు, నేనే కొట్టిన అంటుండు. మళ్ల మళ్ల గదే. ఏమైంది సార్ వానికి?"

నేను కీ వైపు చూస్తున్నాను. ఏడు అంకె మధ్యలో అడ్డగీత, నాలుగు అంకె కొస విప్పి రాయడం. చాలా ఏళ్ల కిందట, ఈ కాలేజీకి రాకముందు, కొత్తపేటలో ఒక ట్యుటోరియల్‌లో పనిచేసినప్పుడు ఒక సాయంత్రం హడావిడిగా తయారు చేసిచ్చిన కీ అది. ప్రశ్నలు నావి. రాత నాది. జారిపోయిన జవాబూ నాదే.

"మీరు క్వశ్చన్ పేపర్ జూడలేదా సార్?" అన్నాడు వాడు. దెప్పడానికి కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

చూడలేదు. రెండు షీట్ల మీద గుండ్రాలు మాత్రమే చూశాను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, నా సొంత ప్రశ్నలు, ఒక్కసారి చదివితే అయిదు నిమిషాల్లో గుర్తుపట్టేవాణ్ణి. ప్రార్థన చేశాను. ప్రశ్న చదవలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మా సంఘం పిల్లవాడి తండ్రి టీసీ తీసుకోవడానికి రావాలి. నేను కట్ట పట్టుకొని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను. ఆయన అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"పిల్లగాడే రాసిచ్చిండు గద సార్."

"నేను చెప్పి రాయించాను."

"దేవుడు చెప్పిండంటిరి మొన్న. స్టాఫంత చెప్పుకుంటున్నరు. ఇప్పుడు కాదంటున్నడా?"

ఆయనది వెటకారమే. కానీ నేను దెబ్బతిన్నది వెటకారానికి కాదు. నేను వచ్చే దారంతా మెట్ల మీద అదే ప్రశ్న వేసుకుంటూ వచ్చాను.

"హెడ్ ఆఫీసుకు ఒకటి పోయినంక మళ్ల ఒకటి పంపితే నాకు మాటొస్తది. ఎవరి తప్పని రాయాలె?"

"నాది. నా పేరు రాయండి. కీ నాది, ఒప్పుకోలు రాయించింది నేను, చీటీలు వేసింది నేను."

"చీటీలది రాయకుండ్రి సార్, పరువు పోతది. మీది కాదు, కాలేజీది" అన్నాడాయన. అప్పటికి కొంచెం మెత్తబడ్డాడు. "రిటైర్మెంటుకు ఏడాదిన్నర లేదు మీకు. జర ఆలోచించుకోండ్రి."

అక్కడే కూర్చొని రాశాను. రెండున్నరకు హెడ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కాపీ కాదంటే వాళ్లకూ మంచిదేనట. తయారుగా ఉన్న టీసీని గుమాస్తా నా ఎదురుగానే చింపాడు. మూడింటికి వచ్చిన తండ్రికి ఆ ముక్కలు చూపించి విషయం చెప్పాను. ఆయన గోళ్లలో పాలిష్ మరకలు. చేతులు జోడించి దండం పెట్టాడు, తర్వాత జోడించిన చేతులు విప్పకుండానే నిలబడ్డాడు.

"ఒకటి అర్థం కాలేదండి" అన్నాడు. "మావాడు తప్పు చెయ్యలేదంటున్నారు. దేవుడికి స్తోత్రం. మరి నిన్న సంఘమంతా వాడు తప్పు చేశాడని ఏడ్చి ప్రార్థించారు కదండీ. క్షమించమని అడిగారు. ఆ ప్రార్థన ఏమైనట్టండి? ఎవరికి చెందినట్టు?"

నాకు చెంది ఉంటుందని చెప్పాలనిపించింది. అది కూడా మళ్లీ పోలిక వెతుక్కోవడమేనేమోనని ఊరుకున్నాను.

మరుసటి వారమే చేతుల కుర్చీ మ్యాథ్స్ లెక్చరర్‌కు వెళ్లింది. నాకు చేతుల్లేని కుర్చీ వేశారు. "వెన్నుకు ఇదే మంచిదన్నా" అన్నాడు కెమిస్ట్రీ, నా డబ్బాలోంచి వంకాయ కూర వడ్డించుకుంటూ. నల్గొండ అబ్బాయిని ఎవరూ బయట నిలబెట్టలేదు. వాడే రెండు రోజులు తనంతట తాను క్లాసు బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "రూల్ రూలే గద సార్" అని నవ్వాడు. నన్ను ఎగతాళి చేస్తున్నాడో, నిజంగానే అంటున్నాడో నాకిప్పటికీ తెలియదు.

ఇక్కడితో ముగిసిపోతే బాగుండేది. పిల్లవాడి ఏడాది దక్కింది. కానీ పిల్లవాడు దక్కలేదని నాకు వారం రోజుల్లోనే అర్థమైంది. క్లాసుకు వస్తున్నాడు, కానీ జవాబు అడిగితే చెప్పి, వెంటనే "అదేనాండి?" అంటున్నాడు. తప్పయినా, ఒప్పయినా. ఇంతకుముందు వాడికి ఆ అలవాటు లేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. జరిగింది దాచకుండా చెప్పాను. కీ గురించి, చదవని ప్రశ్నల గురించి, చీటీల గురించి. దేవుణ్ణి అడగడం తప్పని చెప్పలేదు, ఎందుకంటే నేనలా నమ్మను. ఆయన ఇచ్చిన కళ్లతో ముందు నేను చూడాల్సింది చూడకుండా ఆయన్ను అడిగానని మాత్రం చెప్పాను. చీటీ మరి ఆ పిల్లవాడి మీదికే ఎందుకు వెళ్లిందో నాకు తెలియదని కూడా చెప్పాను. రెండే చీటీలు గనక ఎవరో ఒకరి పేరు రావాలి కదా అని లోకం అంటుంది. అంతేనా? వాక్యంలోని ఓడలో అంతే కాదు కదా? మందిరంలో ఎవరూ ఏడవలేదు. ఒకరిద్దరు దగ్గారు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర ఆ పిల్లవాడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, ఒకటి అడగనా?"

"అడుగు నాన్నా."

"చీటీ తీసినప్పుడు నాకు గుర్తొచ్చిందండి. పరీక్షలో నేను పక్కకి తిరిగి వాడి షీటు చూసినట్టు. వాడి మోచెయ్యి, పెన్ను, అన్నీ కనిపించాయి. ముందు రోజు దాకా అది లేదు. ఇప్పుడు ఉంది. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తోంది. నేను చూడలేదంటే ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందండి?"

వాడికి ఆరేళ్లప్పటి నుంచి ఎన్నో ప్రశ్నలకు జవాబులు చెప్పాను. సముద్రం ఎలా చీలింది, చనిపోయినవాడు ఎలా లేచాడు, అన్నిటికీ.

"నాకు తెలియదు" అన్నాను. "కానీ నువ్వు చూడలేదు. అది నేను నమ్ముతున్నాను."

వాడు ఒక చెప్పు తొడుక్కొని ఆగాడు. "మీరు నమ్మితే సరిపోతుందాండి?"

"సరిపోదు. నువ్వు నమ్మాలి."

"ఎలా అండి?"

అవతల తండ్రి డోలక్‌ను భుజానికి తగిలించుకొని బండి స్టార్ట్ చేసి, హారన్ కొట్టాడు. వాడు రెండో చెప్పు తొడుక్కున్నాడు. నేను ఏదో ఒకటి చెబుతానని ఇంకొంచెం సేపు చూశాడు. తర్వాత వెళ్లి, తండ్రికీ డోలక్‌కీ మధ్య చోటు చేసుకొని, బండెక్కాడు.